మట్టి పట్టిన చెయ్యి

ఇందుజ చేసిన గుర్రం కాలు, అసలు గుర్రం కాలు బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి. మొదటిది పదేళ్ళ పిల్ల పోయిన వారం చేసి ఎండబెట్టింది. రెండోది రెండు వేల ఏళ్ళ నాటిది, ఆ ఉదయమే మ్యూజియం గోదాములో పెంకుల బుట్ట అడుగున దొరికింది. రెండూ మోకాలి దగ్గర ఒకేలా వంగి ఉన్నాయి. రెండింటికీ గిట్ట కింద బొటనవేలితో నొక్కిన చిన్న గుంట ఉంది.

ఎస్తేరు రాణి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. ఒంగోలు దగ్గర, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఆ మ్యూజియానికి ఆమె క్యూరేటరు. పక్కనే, పూర్వం ఊరు ఉండి మట్టిలో కలిసిపోయిన పాటిదిబ్బను తవ్వినప్పుడు బయటపడిన మట్టి బొమ్మలే ఆ మ్యూజియానికి ఉన్న ఆస్తి. వాటిలో ఈ గుర్రానికి ముందు కాలు ఒకటి లేదు. ఆ కాలు తిన్నగా నేల మీద ఆని ఉండేదని పండితులు బొమ్మ గీసి మరీ చెప్పారు. ఇందుజ మాత్రం దాన్ని పైకెత్తి పెట్టింది. ఎందుకలా చేశావని అడిగితే, తను చెయ్యలేదని, చెయ్యే అలా వెళ్ళిందని చెప్పింది. ఆ రోజు అందరూ నవ్వారు.

ఇప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు.

"పాప ఈ కాలు చూసే అవకాశమే లేదు హైమవతి గారూ. నేనే ఇవాళ చూస్తున్నాను," అంది ఎస్తేరు.

హైమవతి పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. ఆమె ఇందుజ తల్లి. పిల్లల చేతులకు వేసిన తొడుగు కనిపెట్టింది కూడా ఆమే.

నిజానికి ఆ తొడుగు పిల్లల కోసం పుట్టలేదు. పక్షవాతంతో చెయ్యి పడిపోయినవాళ్ళకు మళ్ళీ కదలిక నేర్పడానికి హైమవతి ఏళ్ళ తరబడి కూర్చుని తయారుచేసింది. చూడటానికి పల్చటి గుడ్డ తొడుగు. లోపల వెంట్రుకలంత సన్నటి తీగలు. ఆరోగ్యంగా ఉన్న మనిషి చెయ్యి ఎలా కదిలిందో తెలిస్తే చాలు, ఆ తీగలు రోగి వేళ్ళను ఒక్కొక్కటే తట్టి, లాగి, అదే దారిలో నడిపిస్తాయి. దానికి ఆమె 'జాడ' అని పేరు పెట్టింది.

దాన్ని మ్యూజియానికి తెచ్చింది ఎస్తేరు. బడిపిల్లలు బస్సుల్లో రావడం, అద్దాలకు ముక్కులు ఆనించి చూడటం, ముట్టుకోవద్దని కేకలు వేయించుకుని వెళ్ళిపోవడం చూసీ చూసీ ఆమెకు విసుగొచ్చింది. పచ్చిమట్టి మీద వేలు ఆనితే గుర్తు పడుతుంది, కాల్చినా పోదు. ఆ గుర్తుల లోతు, వాలు చూసి, ఏ వేలు ముందు పడిందో ఏది తర్వాత పడిందో యంత్రం లెక్కకట్టగలదా అని హైమవతిని అడిగింది. యంత్రం చెప్పగలిగింది. అలా ఎప్పుడో పోయిన బొమ్మలవాళ్ళ చేతి తీరు తొడుగులోకి వచ్చింది.

ఆదివారాలు కొందరు పిల్లలు మ్యూజియం వెనక వరండాలో చేరేవారు. ఇష్టమైన బొమ్మను ఎంచుకుని, తొడుగు వేసుకుని, మట్టి ముద్ద ముందు కూర్చునేవారు. మొదట వేళ్ళు వాటంతట అవి కదులుతుంటే కితకితలు పెట్టినట్టు నవ్వేవారు. తర్వాత నవ్వు ఆగిపోయి నోళ్ళు తెరుచుకునేవి. వాళ్ళు ఉన్నది ఉన్నట్టు చేసి ఊరుకునే రకం కాదు. షమీరా అనే పిల్ల తన ఎద్దుకు రెక్కలు పెట్టింది. లోహిత్ ఒక అమ్మవారి చేతిలో మొబైలు పెట్టి, ఫోటో తీసుకుంటోందన్నాడు. ఎస్తేరు ఆ బొమ్మలన్నిటినీ అసలు బొమ్మల పక్కనే అద్దాల్లో పెట్టింది. ఊళ్ళోవాళ్ళు వచ్చి ఆ రెక్కల ఎద్దునే ముందు చూసేవారు.

పెద్దవాళ్ళు ఆ తొడుగు వేసుకుంటే, తీసేసిన కాసేపటికి చెయ్యి అంతా మర్చిపోయేది. పిల్లల విషయం వేరుగా ఉంది. వాళ్ళ చేతులు మర్చిపోలేదు. కొన్ని వారాలకు తొడుగు లేకుండానే వాళ్ళు ఆ పాతకాలపు వాటంతో మట్టి నొక్కుతున్నారు. ఇప్పుడు ఈ గుర్రం కాలు వచ్చి ఇంకో సంగతి చెప్పింది. చెయ్యి నేర్చుకున్నదాంతో ఆగడం లేదు. బొమ్మ చేసినవాడు ఆ తర్వాత ఏం చేసి ఉండేవాడో అది కూడా చేస్తోంది.

హైమవతి ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి, ఏ గుమ్మం దాటిందో ఏ వీధిలో నడిచిందో తెలియనంత సంతోషంలో ఉంది.

ఆమె భర్త శ్రీకర్ జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. అంతా ఓపిగ్గా విన్నాడు. తర్వాత లోపలికి వెళ్ళి రెండు కాగితాలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. రెండింట్లోనూ ఉన్నది అతని ముఖమే. రెండూ ఇందుజ గీసినవే.

ఇందుజకు పెన్సిలు పట్టుకోవడం వచ్చిన నాటి నుంచీ మనుషుల ముఖాలు గీయడం పిచ్చి. క్యాలెండరు వెనకా, గ్యాసు బిల్లు వెనకా, అన్నం తింటూ కూడా గీసేది. పాలు పోసే ఆయన మూతి వంకర, పక్కింటి పిన్ని గారి రెండో గడ్డం, అన్నీ రెండు గీతల్లో దొరికిపోయేవి. మొదటి కాగితంలో శ్రీకర్ అలాగే ఉన్నాడు, ఒక కనుబొమ పైకెత్తి, నవ్వాలా వద్దా అని ఆలోచిస్తూ. రెండో కాగితంలో ముఖం గుండ్రంగా ఉంది. కళ్ళ చోట రెండు చీలికలు. వేళ్ళతో గిల్లి లేపినట్టు ముక్కు. అది మ్యూజియం అద్దాల వెనక ఉండే ముఖం.

వయసుతో పాటు గీత మారుతుందని హైమవతి అంది. తనకూ చిన్నప్పుడు ఒక గీత, పెద్దయ్యాక ఒక గీత ఉండేదని చెప్పింది.

"గీత మారితే నాకు బాధ లేదు హైమా. జడ వేసుకునేటప్పుడు చూడు, అన్నం కలుపుకునేటప్పుడు చూడు. ముద్ద చేసి బొటనవేలితో రెండు సార్లు నొక్కుతోంది. ఆ చెయ్యి మనమ్మాయిది కాదు," అన్నాడు.

ఆమె చూస్తానంది. ఆ వారంలోనే ఒక రోజు చూసింది కూడా. కూతురు పప్పన్నం ముద్దను అటు తిప్పి ఇటు తిప్పి నున్నగా చేసి, బొటనవేలితో నొక్కి నోట్లో పెట్టుకుంది. హైమవతి గరిటె గిన్నెలోనే వదిలేసి చూసింది. అయితే ఆ రోజే రాజధాని నుంచి ఫోను వచ్చింది. గుర్రం కాలు సంగతి పత్రికల్లో చదివి, తొడుగును అన్ని బడులకూ ఇస్తే ఎలా ఉంటుందో చూడటానికి ఒక కమిటీ వస్తోందని చెప్పారు. ఆమె ఆ ఫోనుతో మిగతాదంతా పక్కన పెట్టేసింది. కమిటీ వెళ్ళాక కొన్నాళ్ళు ఆపుదామని భర్తకు మాటిచ్చింది.

కమిటీవాళ్ళు వచ్చిన ఉదయం వరండా అంతా కుర్చీలు వేశారు. అధ్యక్షురాలు సీతామహాలక్ష్మి గారు చాలా ఏళ్ళు విద్యాశాఖలో పనిచేసి రిటైరైన మనిషి, తక్కువ మాట్లాడి ఎక్కువ చూస్తారు. పిల్లలు తమకు నచ్చిన వస్తువు తెచ్చుకోవచ్చని ఎస్తేరు అంది. షమీరా కుండ తెచ్చుకుంది. లోహిత్ బండిచక్రం తెచ్చుకున్నాడు. ఇందుజ ఒక మట్టిగడ్డ తెచ్చింది.

అది బొమ్మ కాదు. గుప్పెడంత ముద్ద, దాని మీద నాలుగు వేళ్ళ గాడులు. ఏమిటో ఎవరికీ తెలియక, దాని కింద చీటీ కూడా పెట్టకుండా ఓ మూల ఉంచారు. ఎందుకు తెచ్చావని ఎస్తేరు అడిగింది.

"దీన్ని ఎవరూ తీసుకోవట్లేదు కదా ఆంటీ. ఏం చెయ్యాలనుకున్నారో నా చెయ్యి చెబుతుందేమో," అంది ఇందుజ.

ఆ మాటకు కమిటీవాళ్ళు ముచ్చటపడ్డారు. హైమవతి గడ్డను యంత్రంలో పెట్టింది. మిగతా బొమ్మల్లో వందల కదలికలు వచ్చేవి. దీనికి వచ్చింది ఒక్కటే. వేళ్ళు ముడుచుకోవడం. ఇంత చిన్న కదలికతో ప్రమాదం ఏముంటుందని ఆమె అనుకుంది. వేళ్ళ మధ్య ఎడం చూస్తే దాన్ని నొక్కింది కూడా ఇందుజ వయసు పిల్లలెవరో అని తెలిసింది. ఆ సంగతి పైకి చెబితే అందరూ బాగుందన్నారు.

ఇందుజ కుడిచేతికి తొడుగు వేసుకుని మెత్తటి మట్టి మీద చెయ్యి పెట్టింది. తీగలు కదిలాయి. వేళ్ళు మట్టిని చుట్టుకున్నాయి, బిగిశాయి. వేళ్ళ సందుల్లోంచి మట్టి పైకి ఉబికింది. అంతటితో యంత్రం ఆగిపోయింది. ఎవరో చప్పట్లు కొట్టారు.

ఇందుజ పిడికిలి వంక చూస్తోంది.

"అమ్మా, వేళ్ళు రావట్లేదు," అంది.

తీగల్లో ఏదైనా చిక్కుకుందేమోనని హైమవతి గబగబా తొడుగు కత్తిరించి తీసేసింది. తొడుగు వచ్చేసింది, పిడికిలి అలాగే ఉంది. ఒక్కో వేలూ పట్టి లాగబోయింది. కూతురి చేతిలో అంత బలం ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఇనుప కొక్కెం పట్టుకుని లాగుతున్నట్టుంది. ఇందుజ ఏడవలేదు. తన చేతినే కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది. ఏడ్చింది షమీరా. కమిటీవాళ్ళు కుర్చీల్లోంచి లేచి, ముందుకు రావాలో వెనక్కి వెళ్ళాలో తెలియక నిలబడిపోయారు.

ఆసుపత్రిలో ఎముకలు బాగున్నాయన్నారు, నరాలు బాగున్నాయన్నారు, కండరాలూ బాగున్నాయన్నారు. మత్తిచ్చారు. మత్తులో పిడికిలి పువ్వులా విప్పారింది. లోపల గోళ్ళు దిగి అరచెయ్యి చిట్లింది. డాక్టర్లు మట్టి తీసి, కడిగి, కట్టు కట్టారు. తల్లీ తండ్రీ మంచానికి చెరో పక్క కూర్చుని, ఆ తెరిచిన చెయ్యి వంకే చూస్తూ ఉన్నారు. ఇందుజ కళ్ళు తెరిచింది. ఆమె వాళ్ళను గుర్తుపట్టేలోపే, ఆ కళ్ళ ముందే, వేళ్ళు ఒక్కొక్కటే వంగి, ముడుచుకుని, కట్టు మీద బిగుసుకున్నాయి.

శ్రీకర్ లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. అతను ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేది.

తర్వాతి రోజుల్లో గోళ్ళు గుచ్చుకోకుండా పిడికిలిలో గుడ్డ దూర్చి ఉంచారు. ఇందుజ ఎడమచేత్తో తింటూ, ఎడమచేత్తో పుస్తకం తిప్పుకుంటూ ఉండేది. చెయ్యి నొప్పెడుతోందా అని అడిగితే, నొప్పి కాదని, ఏదో పని మధ్యలో ఆగినట్టుందని చెప్పేది.

ఎస్తేరు ఆసుపత్రికి వచ్చినప్పుడు ముఖం పాలిపోయి ఉంది. ఆ గడ్డ ఎక్కడ దొరికిందో కనుక్కుందామని, పాటిదిబ్బను తవ్వించిన పెద్దాయన ఎక్కడున్నారో వాకబు చేసి పట్టుకుంది. ఆయన ఇప్పుడు మంచం మీదున్నారు, అయినా ఆ రోజు మర్చిపోలేదు. ఇది వరండాలో చెప్పే మాట కాదని, హైమవతిని మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి చెప్పింది.

ఎప్పుడో ఏరు పొంగి ఆ ఊరిని ముంచింది. ఒక ఇంటి గోడ కూలింది. ఆ గోడ కింద, ఒండ్రులో, ఒక పిల్ల ఎముకలు దొరికాయి. ఆ గడ్డ ఆ పిల్ల పిడికిలిలో ఉంది. వేళ్ళ ఎముకలు దాని చుట్టూ ముడుచుకునే ఉన్నాయి. ఎముకలు పరీక్షలకు వేరే చోటికి వెళ్ళాయి. గడ్డను మాత్రం ఆరబెట్టి, మిగతా మట్టి వస్తువులతో కలిపి మ్యూజియానికి పంపారు. తన చేతులతో తనే దాన్ని ఆ పిల్ల వేళ్ళ మధ్య నుంచి తీశానని ఆ పెద్దాయన చెప్పారట.

హైమవతి మెట్ల కమ్మీ పట్టుకుంది. గుర్రం చేసినవాడి చెయ్యి కాలు చేశాక తోక చేసింది, తోక చేశాక ఇంకో బొమ్మ అందుకుంది. ఆ ప్రతి కదలికకూ తర్వాత ఒకటి ఉంది. పిల్లల చేతులు దాన్ని అందుకుని ముందుకు సాగాయి. ఈ పిడికిలికి తర్వాత ఏదీ లేదు. దాన్ని మళ్ళీ తెరిచిన క్షణం ఆ పిల్లకు రాలేదు. రానిదాని కోసం ఇందుజ చెయ్యి ఎదురు చూస్తోంది.

దారి ఒకటే ఉంది. పక్షవాతం తర్వాత కొందరి చేతులు తప్పుడు అలవాటుతో కొయ్యబారతాయి. ఆ అలవాటును చెరపడానికి హైమవతి అదే తొడుగులో ఇంకో పద్ధతి పెట్టింది. తలకు ఒక పట్టీ, చేతికి తొడుగు. ఆ చేతికి సంబంధించిన జ్ఞాపకాన్ని మెదడు వదులు చేసుకునేదాకా తీగలు వేళ్ళను అర్థంలేని దారుల్లో నడిపిస్తాయి. పెద్దవాళ్ళలో చెడ్డ అలవాటు విడిగా తెలుస్తుంది. ఇందుజ చేతిలో అన్నీ కలిసిపోయి ఉన్నాయి. గుర్రం చేసినవాడు, గోడ కింద పిల్ల, ఇందుజ. ఏది ఎవరిదో యంత్రానికి తెలియదు. చెరిపితే అంతా చెరపాలి.

ఆమె శ్రీకర్‌కు దాచకుండా చెప్పింది.

"అంతా అంటే? చెంచా పట్టుకోవడం కూడానా?"

"చెంచా, పెన్సిలు, గుండీ పెట్టుకోవడం, అన్నీ. పుట్టినప్పుడు ఎలా ఉందో అలా అవుతుంది."

"అది గీసే ముఖాలు?"

ఆమె తల అడ్డంగా ఊపింది. అవి ఎప్పుడో పోయాయని ఇద్దరికీ తెలుసు.

ఇందుజకు చెప్పకుండా చెయ్యకూడదని శ్రీకర్ పట్టుబట్టాడు. చెప్పారు. గోడ సంగతి, పిల్ల సంగతి, ఏదీ దాచకుండా, ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పారు. ఆమె బెదిరిపోతుందనుకున్నారు. ఆమె తన పిడికిలిని ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో దాన్ని నిమురుతూ వింది.

"చెరిపేస్తే తనది కూడా పోతుందా అమ్మా?"

"పోతుంది తల్లీ."

"పాపం. ఇంకెక్కడా లేదు కదా తను."

హైమవతి ఇన్నాళ్ళూ ఆ చేతిలో ఒక తప్పు ఉందనుకుంది గానీ, కూతురు అందులో ఒక మనిషిని మోస్తోందని అనుకోలేదు. ఇందుజ కాసేపు ఆలోచించి, సరే చెయ్యమంది. ఒక్కటే అడిగింది. గుడ్డ తీసేసి, చేతిలో మట్టి పెట్టమంది.

"తనని ఖాళీ చేత్తో పంపొద్దు," అంది.

ఎస్తేరు మ్యూజియం వెనక ఏటి ఒడ్డు నుంచి మట్టి తెచ్చింది. మత్తులో ఉండగా పిడికిలి విప్పి, తొడుగు వేసి, అరచేతిలో దాన్ని పెట్టారు. మెలకువ రాగానే వేళ్ళు దాన్ని పట్టుకున్నాయి. అప్పుడు హైమవతి కూతురి తలకు పట్టీ కట్టింది. ఆ చెయ్యి మొదటిసారి తన చూపుడువేలు పట్టుకున్న రోజు ఆమెకు గుర్తొచ్చింది. ఆ తలపును పక్కకు నెట్టి మీట నొక్కింది.

చాలాసేపటి వరకూ ఏమీ జరగలేదు. ఇందుజ కిటికీలోంచి బయటకు చూస్తూ, కింద బండి మీద జామకాయలు అమ్ముతున్నారని తండ్రికి చెబుతోంది. మాట మధ్యలో ఆగింది. చిటికెన వేలు వదులైంది. తర్వాత దాని పక్క వేలు. మట్టిగడ్డ జారి దుప్పటి మీద పడింది. దాని మీద నాలుగు గాడులు, మ్యూజియంలో ఉన్నదానికి అచ్చు తోబుట్టువులా ఉంది.

చెయ్యి వెల్లకిలా పడి ఉంది. ఇందుజ దాన్ని పైకెత్తాలని చూసింది. మోచెయ్యి లేచింది, వేళ్ళు వేలాడాయి. హైమవతి తొడుగు తీసి, తన వేలు ఆ అరచేతిలో పెట్టింది. నెలల పాప పట్టుకున్నట్టు, తెలియకుండా, మెత్తగా, అది మూసుకుంది. పదేళ్ళ పిల్ల మొహం, పుట్టిన నాటి చెయ్యి. శ్రీకర్ వచ్చి ఆ రెండు చేతుల మీదా తన చెయ్యి వేశాడు. ఆసుపత్రికి వచ్చాక అతను ఆమెను తాకడం అదే మొదలు.

ఆ తర్వాత ఇల్లంతా చంటిపిల్ల ఉన్న ఇల్లయింది. గిలక పట్టుకోవడంతో మొదలుపెట్టారు. చెంచా పట్టుకోవడం వచ్చేసరికి వేసవి వెళ్ళిపోయింది. గుండీ ఇంకా రాలేదు. ఇందుజకు ఒక్కోసారి ఎక్కడలేని కోపం వచ్చి పళ్ళెం తోసేసేది. అక్షరాలన్నీ తలలో ఉన్నాయి, చెయ్యి వాటిని ఎరగదు. ఎడమచేత్తో రాసుకోమని బళ్ళో చెప్పారు. ఆమె ఒప్పుకోలేదు. కుడిచేతికే నేర్పుతానంది.

మిగతా పిల్లల ఇళ్ళకు హైమవతి తనే వెళ్ళింది. షమీరా చేతిలోని పాత వాటం మెల్లగా పల్చబడుతోంది. లోహిత్ దస్తూరీ మాత్రం తిరిగి రాలేదు. రాత చూసి, ఇది మీ అబ్బాయి రాసింది కాదని బళ్ళో అన్నారని అతని తల్లి చెప్పింది. తొడుగు వేసే ముందు ఇలా జరగొచ్చని తెలుసా అని అడిగింది. మొదట తెలియదని, తర్వాత భర్త చెప్పినా తను వినలేదని హైమవతి అంది. లోహిత్ తల్లి కాఫీ గ్లాసు అక్కడే పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది. హైమవతి ఆ ముందు గదిలో ఒంటరిగా కాసేపు కూర్చుని, గ్లాసు ముట్టుకోకుండా లేచి వచ్చేసింది.

ఇంతలో కమిటీ తుది సమావేశం పెట్టింది. తొడుగులు తయారుచేస్తామని ముందుకొచ్చిన కంపెనీ తరఫు మనిషి చాలా మర్యాదగా మాట్లాడాడు. జరిగింది ఒక్క బిడ్డకు, ఒక్క వస్తువుతో అన్నాడు. అలాంటి వస్తువులను ముందే ఏరి పక్కన పెడితే సరిపోతుందన్నాడు. ఈ తొడుగుతో ప్రతి పల్లెటూరి పిల్లకూ గొప్ప శిల్పి చెయ్యి వస్తుందని చెప్పాడు. కొందరు సభ్యులు తలలూపారు.

హైమవతి లేచి, అది తను కనిపెట్టిందని, దాన్ని పిల్లలకు ఇవ్వకూడదని చెప్పింది. ప్రమాదం ఆ గడ్డలో లేదంది. గడ్డ ముట్టుకోకముందే తన కూతురి గీత పోయిందని, అప్పుడు అందరూ చప్పట్లు కొట్టారని, వాళ్ళలో తనూ ఉందని చెప్పింది. ఆమె దగ్గర పటాలు, అంకెలు ఉన్నాయి. కంపెనీ మనిషి దగ్గర అంతకన్నా మంచి పటాలు ఉన్నాయి. మాటలు అటూ ఇటూ నడిచాయి.

తల్లి పక్కన కూర్చున్న ఇందుజ తనకొక కాగితం, పెన్సిలు కావాలని అడిగింది. తల్లి తటపటాయించడం చూసి సీతామహాలక్ష్మి గారే తన ముందున్నవి జరిపారు.

ఇందుజ ఎడమచేత్తో పెన్సిలు తీసి కుడిచేతి వేళ్ళ మధ్య పెట్టుకుంది. అది జారింది. మళ్ళీ పెట్టుకుంది. కాగితం మీద మొన ఆనించి, నాలుక పళ్ళ మధ్య నొక్కిపట్టి, తన పేరులో మొదటి అక్షరం మొదలుపెట్టింది. 'ఇ' మెలిక దగ్గర చెయ్యి పక్కకు పోయింది. చెరపకుండా అక్కడి నుంచే వెనక్కి తెచ్చుకుంది. సున్న దగ్గరైతే గీత బయలుదేరిన చోటికి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందంటే, మాట్లాడుతున్న కంపెనీ మనిషి మధ్యలో ఆగిపోయాడు. గదిలో పెన్సిలు గీకుడు ఒక్కటే వినిపించింది. హైమవతి చెయ్యి సాయానికి వెళ్ళబోయి, బల్ల అంచు పట్టుకుని ఉండిపోయింది.

సభ్యుల్లో ఒకాయన తన ముందున్న, కంపెనీ పంచిన రంగుల పుస్తకం మూసేశాడు.

'దు' కొమ్ము పూర్తయ్యేసరికి ఇందుజ నుదుట చెమట పట్టింది. సీతామహాలక్ష్మి గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఈ తొడుగును పిల్లల చేతికి ఇవ్వడానికి తన సంతకం దొరకదని, ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పమని అన్నారు. ఎవరూ చెప్పలేదు. కంపెనీ మనిషి కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. కుర్చీలు వెనక్కి జరిగాయి. ఆమె వంగి ఇందుజ భుజం తట్టారు.

"చాలమ్మా, ఇంక రాయక్కర్లేదు."

ఇందుజ తలెత్తలేదు.

"ఉండండి, ఇంకో అక్షరం ఉంది," అంది.

లేచినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు.